బందగీ అనే పేరు

మనిషి పేరు వినగానే మతం తేల్చేయడం మనవాళ్ళకు సులభం. ఆ పేరులోని చరిత్రను చదవడమే అలవాటు కాలేదు. కరీంనగరం సయ్యద్ కరీముద్దీన్ అనే ఖిల్లాదారు పేర, ఆదిలాబాదు బిజాపూరు ఆదిల్‌షాహీల పేర వెలిశాయని ప్రతీతి. ఏలినవాళ్ళ పేర్లు ఊళ్ళకెక్కాయి. ఆ ఊళ్ళలోని పేదవాడు మాత్రం దర్గాకు మొక్కుకొని బిడ్డకు ఫకీరు పేరు పెట్టుకున్నాడు. సైదులు, యాకయ్య, ఫకీరయ్య అనే పేర్లు తెలంగాణంలో హిందువుల ఇళ్ళలోనూ కనిపించేది అందుకే.

సూఫీ సంప్రదాయం నుంచి వచ్చిన పేర్లలో అరుదైనది ‘బందగీ’. పారశీకంలో ‘బందా’ అంటే దాసుడు. బందగీ అంటే దాస్యం, కొలువు, ఆరాధన. మన ‘బంధం’, ఆ ‘బందా’ ఒకే ధాతువు బిడ్డలు. 1422లో గుల్బర్గాలో మరణించిన గేసూదరాజ్‌ను జనం ‘బందానవాజ్’ అన్నారు. దాసులను ఆదరించేవాడని అర్థం. దేవుడికి పూర్తిగా దాసుడైనవాడే తక్కిన సమస్తం నుంచి స్వతంత్రుడని 11వ శతాబ్దిలోనే ఖుషైరీ వాదించాడు. అంటే ఈ దాస్యంలో ఒక తిరస్కారం కూడా ఉంది.

అయితే మాటలు దర్గాలోనే ఉండిపోవు. దర్బారుకూ పోతాయి. నైజాం ప్రభువును ‘బందగానె ఆలీ’ అని పేర్కొనేవారు. అర్జీ పెట్టుకొనేవాడు తనను ‘ఫిద్వీ’ అనుకోవాలి. గడీ ముందు ఆ మాటే తెలుగులో ‘బాంచెన్’ అయింది. దేవుడికి చెల్లవలసిన దాస్యాన్ని దొర వసూలు చేసుకున్నాడు! వెట్టి, భగేలా ఈ వసూలుకు ఆర్థిక రూపాలు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించిన పద్ధతుల జాబితాలో భగేలా పేరూ ఉంది.

ఈ రెండు అర్థాలూ ఎదురుపడిన చోటు కరీంనగరు, ఆదిలాబాదులకు దక్షిణాన, జనగామ ప్రాంతంలోని కామారెడ్డిగూడెం. షేక్ బందగీ అక్కడి చిన్న రైతు. సొంతవాళ్ళతో వచ్చిన భూమి తగాదాలో విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి అవతలి పక్షం పట్టాడు. బందగీ లొంగలేదు, కాళ్ళు మొక్కలేదు. ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి గెలిచాడు. గెలిచినందుకే 1940ల తొలినాళ్ళలో దేశముఖు మనుషులు ఆయనను నరికి చంపారు. దాస్యమని పేరున్నవాడు దాస్యాన్ని కాదని చచ్చిపోయాడు. తల్లిదండ్రులు కోరుకున్న అర్థం ఏదైనా, ఆ పేరులోని పాత తిరస్కారం ఆయన బతుకులో బయటపడింది.

సూఫీ పేర్లను భూస్వామ్య అవశేషాలని కొట్టిపారేసే మన మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి. మతసామరస్యానికి తీపి గుర్తులుగా మాత్రమే చూసేవాళ్ళు కూడా. తెలంగాణ పోరాటాన్ని హిందూ ముస్లిం తగవుగా తిరగరాసేవాళ్ళకైతే ఈ పేరు అసలే మింగుడుపడదు: ముస్లిం ప్రభువు రాజ్యంలో, హిందూ దేశముఖు మనుషుల చేతుల్లో, భూమి కోసం చచ్చిపోయిన ముస్లిం రైతు!

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ఈ హత్యను ‘మాభూమి’ నాటకంలోకి తెచ్చారు. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. పారశీకం ఒక్క ముక్క రాని కోస్తా రైతులకు కూడా బందగీ అంటే ఎవరో తెలిసింది. మద్రాసు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది.