ఎద్దు పళ్ళు చెప్పిన నీళ్ళ చరిత్ర

పశువుల సంతలో ఎద్దు వయసును యజమాని మాటను బట్టి గాక, దాని నోరు తెరిచి చూచి నిర్ణయించడం మన రైతులకు తరతరాల అలవాటు. దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచరాదన్న సామెత పుట్టిందంటే, కొనే ఆవుకు తప్పక ఎంచేవారనే కదా అర్థం! ఎన్నో తరాలు నమ్ముకున్న ఆ లెక్క మన తెలుగునేలలోనే కొన్ని ఊళ్ళలో కుదరకుండా పోయింది. ఆ సంగతి ఈ వ్యాసంలో చెప్పదలచాను.

ముందుగా లెక్క సంగతి. పశువుకు పైదవడ ముందుభాగాన పళ్ళుండవు. గట్టిపడిన చిగురు మాత్రమే ఉంటుంది. కింది దవడకు ముందుపళ్ళు ఎనిమిది. రెండేళ్ళు దాటిన తరువాత నడిమి పాలపళ్ళు రెండూ ఊడి పెద్దపళ్ళు వస్తాయి. అప్పుడది రెండు పళ్ళ కోడె. ఆపైన నాలుగు, ఆరు, చివరకు కడపళ్ళతో ఎనిమిది. నాలుగైదేళ్ళకు నోరు నిండుతుంది. ఆ తరువాత కొత్త పళ్ళు రావు గనుక అరుగుదలే వయసుకు గుర్తు. గడ్డిలోని సిలికా, మేతతోపాటు నోటికి వచ్చే ఇసుక, మట్టి ఏటేటా పంటిని అరగదీస్తాయి. మనుషుల విషయమూ ఇంతే. తిరగలి రాతిపొడి కలిసిన పిండి, పళ్ళు తోముకొన్న ఇటుకపొడి, బొగ్గు తమ గుర్తును విడిచే పోతాయి. తవ్వకాలలో దొరికిన దవడల వయసును అంచనా వేయడానికి పురావస్తు శాస్త్రజ్ఞులు వాడే పద్ధతులలో ఇదొకటి.

అయితే ఈ లెక్కంతా, పంటిపై పింగాణీ పొర ఎక్కడైనా ఒకే గట్టితనంతో ఉంటుందన్న నమ్మకం మీద ఆధారపడినది.

1930ల నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి ప్రాంతాలుండేవి. (1970లో ఏర్పడి, తరువాత ప్రకాశం పేరు పొందిన ఒంగోలు జిల్లాలో ఇవి చేరాయి.) నెల్లూరు సీమ రైతులు దుక్కిటెడ్లు కీళ్ళు బిగుసుకొని నడవలేకపోవడం గమనించారు. మనుషుల్లో సైతం పళ్ళపై గోధుమరంగు చారలు, వంగని వెన్నెముకలు కనిపించాయి. 1934లో మహాజన్ నిజాం రాజ్యంలోని పశువులలో ఇటువంటి వ్యాధినే నమోదు చేశారు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ నెల్లూరు జిల్లా రోగులను పరిశీలించి, ఇది తాగునీటి ఫ్లోరైడు వల్ల కలిగే ఫ్లోరోసిస్ అని తేల్చి ప్రకటించారు. తరువాతి కాలంలో, 1948లో, గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా పరాన్నజీవి మానవ కాలేయంలో గడిపే దశను కనుగొన్నది ఈ షార్టే.

అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు 1901లో వచ్చిన మెకే అనే దంతవైద్యుడు పిల్లల పళ్ళపై గోధుమ మచ్చల కారణం కోసం మూడు దశాబ్దాలు వెదికాడు. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నీటిలో ఫ్లోరైడును కనుగొన్నాకే ఆ చిక్కుముడి వీడింది. మన నెల్లూరు నిర్ణయం ఆ తరువాత ఆరేళ్ళకే జరిగింది.

ఇప్పుడు ఎద్దు లెక్క ఎందుకు తప్పిందో చూద్దాం. చిగురులోపల పన్ను రూపుదిద్దుకొనే కాలంలో ఫ్లోరైడు ఎక్కువైతే పింగాణీ పొర సరిగా గట్టిపడదు. గుల్లగా, సుద్దలా మిగులుతుంది. పన్ను బయటికి వచ్చాక ఆ పొర పెచ్చులూడుతుంది, త్వరగా, ఎగుడుదిగుడుగా అరిగిపోతుంది. వయసులో ఉన్న ఎద్దుకు ముసలి నోరు వస్తుంది. మేత కొరకడం కష్టమవుతుంది; లోపలి పొర బయటపడితే చల్లని నీళ్ళు తాగడానికి కూడా బాధపడుతుంది. ఇంకొక విశేషం: పళ్ళన్నీ ఏర్పడిన తరువాత బయటి ఊరినుండి తెచ్చిన ఎద్దుకు పళ్ళు బాగానే ఉంటాయి, ఎముకలు మాత్రం మెల్లగా చెడుతాయి. అంటే పన్ను చెప్పేది ఆ పశువు బాల్యంలో తాగిన నీటి సంగతి!

మాది కలిదిండి, 2022లో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాకు మారిన కొల్లేటి సీమ. కర్ణాట సేనతో పోరులో మరణించిన చోళ సేనానుల స్మృతిగా రాజరాజ నరేంద్రుడు శివాలయాలు కట్టించిన వృత్తాంతం చెప్పే తామ్రశాసనం మా ఊరిపేరనే ప్రసిద్ధం. మా భూగర్భ జలం ఉప్పన. అందుచేత కాలువ నీటితో నింపిన చెరువులే మాకు దిక్కు. ఉప్పునీటిని నాలుక వెంటనే తిరస్కరిస్తుంది. పొదిలి, నల్లగొండ సీమల బావినీరు అలా కాదు. నల్లరాతి ఖనిజాలనుండి కరిగి వచ్చిన ఫ్లోరైడుకు రుచి లేదు, రంగు లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటినా నాలుకకు తెలియదు.

నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూరు నీరీ సంస్థ 1970లలో రూపొందించగా, అది 'నల్లగొండ పద్ధతి'గా ప్రపంచ గ్రంథాలకు ఎక్కింది. ఒక జిల్లా పేరు ఈ విధంగా ప్రసిద్ధి చెందడం గర్వించదగ్గదో, దుఃఖించదగ్గదో నేను చెప్పలేను. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలాన్ని అక్కడి ఇళ్ళకు తెచ్చింది.

నీరు మారినా, ఏర్పడిన పన్ను మారదు. ఎనిమిదేళ్ళ లోపు ఫ్లోరైడు నీరు తాగిన వారి మచ్చలు జీవితాంతం ఉంటాయి. ఆ మచ్చలను అపరిశుభ్రతగా, బద్ధకంగా భావించి సంబంధాలు తప్పించుకొన్న వారిని గూర్చి విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది. తోమితే పోయే మరక కాదది. బావి చేసిన పని. ఒకే ఇంట అన్నకు మచ్చలుండి, ఎంతో చిన్నవాడైన తమ్మునికి తెల్లని పళ్ళుంటే, మంచినీరు ఆ ఊరికి వచ్చింది వారిద్దరి నడుమ కాలంలోనే అయివుండవచ్చు. ఏ శాసనంలోనూ రాయని తారీఖు అది. మీ ఊళ్ళలో పెద్దలు పశువుల పళ్ళ లెక్కలను ఏ మాటలతో చెప్పుకొనేవారో, ఏ బావిని ఎందుకు విడిచిపెట్టారో అడిగి రాసి ఉంచమని మనవి.