చేవగల మాట

దృఢకాయుడైన మనిషిని ఇంగ్లీషువారు 'రోబస్ట్' అంటారు. నేడు ఆ విశేషణం యంత్రానికీ, వాదానికీ, దేశపు ఆర్థిక వ్యవస్థకూ కూడా చెల్లుతున్నది. వార్తలు తెనిగించేవారికి ఇది తరచు ఎదురవుతుంది. 'పటిష్ఠమైన' అనో 'బలిష్ఠమైన' అనో వ్రాసి ముందుకు సాగిపోతాము. కాని ఈ మాట పుట్టినచోటు తెలిస్తే, దానికి సరియైన జోడు మన వడ్రంగి నోటనే ఉన్నదని తెలుస్తుంది.

లాటినులో 'రోబుర్' అంటే ఓకు వృక్షము, ముఖ్యంగా దాని గట్టి కలప. రోమనులు బలానికి కూడా అదే పేరు వాడారు. 'రోబుస్తుస్' అంటే ఓకు కర్రతో చేసినది, ఆ కర్రవలె గట్టిదైనది. 1753లో స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఐరోపా ఓకుకు 'క్వెర్కస్ రోబుర్' అని నామకరణం చేశాడు. క్వెర్కస్ అనేదీ ఓకు పేరే కనుక, ఒక చెట్టునే రెండుమార్లు పిలిచినట్లయినది!

ఓకు మొద్దును అడ్డంగా కోసి చూస్తే అంచున పాలిపోయిన మెత్తని కర్ర, నడుమ ముదురురంగు గట్టి కర్ర కనబడతాయి. ఆ నడిమి కర్రలో టానిన్ అనే వగరు పదార్థం ఉండడంవల్ల పురుగూ బూజూ దానిని సులభంగా తినలేవు. లాటినులో ఎరుపును తెలిపే 'రూబెర్', సంస్కృతంలోని 'రుధిరము' ఒకే మూలంనుంచి వచ్చినవి. రోబుర్ కూడా ఆ కుదురులోనిదేనని భాషావేత్తలు పలువురు భావిస్తారు.

ఆ కర్ర విలువ ఓడలు కట్టినవారికి బాగా తెలుసు. 1765లో జలప్రవేశం చేసిన 'విక్టరీ' అనే బ్రిటిషు యుద్ధనౌకకు సుమారు 6,000 చెట్లు పట్టినవి. వానిలో అధికభాగం ఓకు. 1805లో ట్రఫాల్గర్ యుద్ధాన్ని నెల్సన్ నడిపినది దానిపైనుండియే.

మాట మాత్రం 16వ శతాబ్దంలో ఇంగ్లీషులో ప్రవేశించినది. దాని తోబుట్టువు 'రోబస్టియస్' మోటుగా కేకలు వేసేవానికి పేరై చెడిపోయినది. అది పామరుల వాడుకలో, తిరస్కారార్థంలోనే మిగిలినదని 1755నాటి నిఘంటువులో జాన్సన్ పండితుడు వ్రాశాడు. మరొక బంధువు 'కొరోబొరేట్' న్యాయస్థానం చేరినది. ఒక సాక్షి మాటను మరొకరు బలపరచినపుడు అందులోనూ ఈ ఓకు కర్రే ఉన్నది. 1953లో జార్జి బాక్స్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు 'రోబస్ట్'ను తన శాస్త్రంలోనికి తెచ్చాడు: మొదట అనుకున్న షరతులు కొంత తప్పినా ఫలితం చెదరని పద్ధతికి ఆ పేరు.

ఇక మన మాట. చెట్టు నడిమి గట్టి కర్రను తెలుగువారు 'చేవ' అంటారు. మనిషి సత్తువా చేవే. సంస్కృతంలో 'సారము'కూ ఈ రెండర్థాలున్నవి. రోముతో ప్రమేయం లేకుండానే మనవారూ ఆ మొద్దునే చూసి ఆ పోలికనే పట్టుకున్నారు. అయితే ఇప్పుడా మాట 'చేవ చచ్చినవాడు' అనే తిట్టులోనే ఎక్కువగా వినబడుతున్నది.

మొన్న ఒక ప్రతిలో 'రోబస్ట్' వచ్చినచోట 'చేవగల వాదన' అని వ్రాశాను. మైకు ముందు చదివేటపుడు నోరు తడబడలేదు.