మోసేది కమాను, అణిచేది షాక్: పాత ఎస్‌యూవీకి కొత్త షాక్ అబ్జార్బర్లు కొనే ముందు తెలుసుకోవాల్సిన 120 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఆదోని, ఎమ్మిగనూరు వైపు పాత ఎస్‌యూవీలు నడిపేవాళ్ల కోసం. సుమో, బొలెరో, సఫారీ, క్వాలిస్, మొదటి తరం ఇన్నోవా, ఏదైనా సరే. ఇంట్లో నాన్న కొన్న బండి కావచ్చు, మీరు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నది కావచ్చు, మంత్రాలయం ట్రిప్పులకి తిప్పుతున్నది కావచ్చు. అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, షాకులు పోయినాయంట. ఆయిల్‌వి వేయించాలా, గ్యాస్‌వి వేయించాలా? లోడ్ ఆపుతాయని గట్టివి వేసుకోమంటున్నారు, వేసుకోవచ్చా?"

ఒక బ్రాండ్ పేరు చెప్పేసి రెండు నిమిషాల్లో వీడియో ముగించొచ్చు. కానీ మీ బండి, మీ రోడ్డు, మీ లోడు వేరు. అందుకే ఈరోజు చరిత్ర చెప్తాను. షాపులో కౌంటర్ మీద పెట్టే ప్రతి రకం షాకూ ఏదో ఒక కాలంలో, ఏదో ఒక ఇబ్బందికి మందుగా పుట్టిందే. మీ బండికున్న ఇబ్బంది ఏదో తేలితే, దేనికి డబ్బులు పెట్టాలో మీకే తెలుస్తుంది.

ఎద్దుల బండికి షాకులు ఎందుకు లేవు?

ఆదోని మార్కెట్‌కి పత్తి ఒకప్పుడు ఎద్దుల బండ్ల మీదే వచ్చేది. ఆ బండికి స్ప్రింగూ లేదు, షాకూ లేదు. ఇరుసు మీద నేరుగా చెక్క. కింద గుంత వస్తే పైన నడుముకి తెలిసేది. కానీ వేగం మనిషి నడకంతే కాబట్టి బండి గాల్లోకి ఎగిరేది కాదు.

స్ప్రింగు మీద గట్టి అడుగు 1804లో లండన్‌లో పడింది. ఒబడయా ఇలియట్ అనే ఆయన గుర్రపు బగ్గీలకి కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఉక్కు పట్టీల స్ప్రింగుకి పేటెంట్ తీసుకున్నాడు. మన షెడ్లలో కమాన్లు అంటాం కదా, దానికి దగ్గరి చుట్టమే అది. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. కమాను అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పట్టీలు. బండి ఊగినప్పుడు ఆ పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ రాపిడే ఊపుని కొంత తగ్గిస్తుంది. గుర్రం వేగానికి ఆ మాత్రం చాలింది.

కారు వచ్చాక లెక్క మారింది. స్ప్రింగుకి ఒక గుణం ఉంది. నొక్కితే ఆ శక్తిని దాచుకుంటుంది, వదిలితే తిరిగి ఇచ్చేస్తుంది. కిందికి పోయింది పైకి లేస్తుంది, మళ్లీ కిందికి, మళ్లీ పైకి. వేగం పెరిగేకొద్దీ ఈ ఊగులాట ఆగే లోపే ఇంకో గుంత వచ్చేస్తుంది. అలా ఊగే బండిలో టైరు రోడ్డుని సరిగ్గా పట్టుకోదు. టైరు పట్టు లేనప్పుడు బ్రేకు నొక్కినా, స్టీరింగు తిప్పినా బండి మాట వినదు.

మొదటి మందు: రాపిడి

ఫ్రాన్స్‌లో ట్రూఫో అనే ఇంజనీరు, రెండు చేతుల మధ్య బిళ్లలు పెట్టి బోల్టుతో బిగించిన పరికరం చేశాడు. కత్తెరలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే బిళ్లలు రాసుకుని ఊపుని తినేస్తాయి. ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ అనే అమెరికన్ దాన్ని తన దేశానికి తీసుకెళ్లి, 1904 ప్రాంతంలో ట్రూఫో-హార్ట్‌ఫర్డ్ పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. క్లీవ్‌లాండ్‌లో కార్లకి హారన్లు చేసే గేబ్రియల్ కంపెనీ స్నబ్బర్ అని ఇంకో పరికరం తెచ్చింది. అదొక బెల్టు. చక్రం పైకి వచ్చేటప్పుడు వదిలేస్తుంది, స్ప్రింగు తిరిగి తన్నేటప్పుడు పట్టి లాగుతుంది.

ఈ బెల్టులో పెద్ద విషయం దాగుంది. గుంత తగిలినప్పుడు వచ్చే దెబ్బ కంటే, స్ప్రింగు తిరిగి తన్నే తన్ను బండిని ఎక్కువ ఎగరేస్తుంది. ఈరోజుకీ మామూలు షాకుల్లో నొక్కేటప్పటి కంటే లాగేటప్పుడు ఎక్కువ బిగువు పెడతారు.

రెండో మందు: నూనె

రాపిడి బిళ్లలకి ఒక జబ్బు ఉంది. చిన్న కుదుపుకి కదలకుండా పట్టేస్తాయి, పెద్ద కుదుపుకి చాలవు. తడిస్తే ఒకలా, ఎండితే ఒకలా పనిచేస్తాయి. దీనికి జవాబు ఫ్రాన్స్‌లోనే మారిస్ ఊడాయ్ ఇచ్చాడు. చిన్న రంధ్రం గుండా ద్రవాన్ని తోయడం. మెల్లగా తోస్తే మెల్లగా పోతుంది, గట్టిగా తోస్తే గట్టిగా ఎదురు తిరుగుతుంది. ఇంజెక్షన్ సిరంజి నొక్కి చూడండి, అదే సూత్రం. ఊపులోని శక్తి ద్రవంలో వేడిగా మారిపోతుంది. అందుకే దూరం తిరిగొచ్చాక షాక్ బాడీ వెచ్చగా ఉంటుంది.

1927 చివర్లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏ కారుకి ఈ ఊడాయ్ షాకులే వేశారు. వాటిలో గ్లిజరిన్ పోసేవాళ్లు. తగ్గితే మూత తీసి మళ్లీ నింపుకోవచ్చు, ఆ పనికోసమే మూత పెట్టారు. తర్వాత గొట్టంలో గొట్టం దూరే టెలిస్కోపిక్ షాకులు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపు కింద ఉన్నవి ఇలాంటివే. వీటిని ఫ్యాక్టరీలోనే సీల్ చేస్తారు, విప్పడానికి చేసినవి కావు.

ఇప్పుడు మార్కెట్లో "రీకండిషన్" షాకులు చూస్తుంటారు. పాత షాక్‌కి రంధ్రం వేసి, కొత్త ఆయిల్ పోసి, అతికించి, పెయింట్ కొట్టి అమ్ముతారు. లోపల అరిగిన వాల్వు, అరిగిన సీలు చాలావరకు అలాగే ఉంటాయి. మోడల్ ఏ కాలంలో నింపుకోవడం న్యాయమే. సీల్ చేసిన షాక్‌కి అది పెయింట్ పూత మాత్రమే.

మన దేశానికి వచ్చిన దారి

ఆ జీపునే మహీంద్రా 1940ల చివర్లో ముంబైలో బిగించడం మొదలుపెట్టింది. ముందూ వెనకా కమాన్లు, పక్కన షాకులు. 1961లో గేబ్రియల్ ఇండియా మొదలయ్యాక షాకులు ఇక్కడే తయారవ్వడం పెరిగింది. 1994లో టాటా సుమో, 1998లో సఫారీ, 2000లో బొలెరో, క్వాలిస్, 2005లో ఇన్నోవా వచ్చాయి.

వీటిలో వెనక చక్రాల దగ్గర ఒక తేడా ఉంది. సుమో, బొలెరోలకి వెనక కమాన్లు. సఫారీ, ఇన్నోవాలకి వెనక కాయిల్ స్ప్రింగులు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ వాడండి. కమానుకి సొంత రాపిడి ఉంది, కాయిల్‌కి దాదాపు లేదు. అందుకే కమాను బండికి వెనక షాకు పోయినా కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, మీకు తెలియకుండానే బ్రేకు దూరం పెరుగుతూ ఉంటుంది. కాయిల్ బండికి షాకు పోతే ఊయల ఊగినట్టు వెంటనే తెలుస్తుంది.

మన రోడ్డు, మన నేల

ఇప్పుడు ఆదోనికి వద్దాం. ఎమ్మిగనూరుకి ఇక్కడినుంచి దాదాపు 30 కిలోమీటర్లు. చుట్టూ చాలాచోట్ల నల్లరేగడి. పత్తికి బంగారం లాంటి నేల, రోడ్డుకి మాత్రం శత్రువు. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. ఏటేటా ఇలా జరిగితే పైన తారు బాగున్నా రోడ్డు అలలు అలలుగా తయారవుతుంది.

చిన్న లెక్క వేద్దాం. స్ప్రింగు మీద కూర్చున్న బండి సెకనుకి ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగడానికి ఇష్టపడుతుంది. గంటకి 60 కిలోమీటర్లు అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. రోడ్డు మీద అలలు 12 మీటర్లకొకటి ఉన్నాయనుకోండి, సెకనుకి సుమారు 1.4 అలలు తగులుతాయి. బండికి ఇష్టమైన ఊపూ అదే. ఉయ్యాల వెనక్కొచ్చిన ప్రతిసారీ ఎవరో తోసినట్టు, ప్రతి అలకీ ఊపు పెరుగుతూ పోతుంది. దాన్ని అణిచేది షాక్ ఒక్కటే. మంత్రాలయం పోయే బండిలో ఎనిమిది మంది కూర్చుని, పైన లగేజీ కట్టి ఉంటే, షాక్ లేని ఆ ఊపులో ఎదురుగా లారీ వస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మూడో మందు: గ్యాస్

ఇలాంటి రోడ్డు మీద గంటసేపు ఆగకుండా పోతే షాక్ లోపల నూనె వేడెక్కుతుంది, గాలి కలిసి నురగ కడుతుంది. నురగ రంధ్రం గుండా సులువుగా పోతుంది కాబట్టి షాక్ మెత్తబడిపోతుంది. 1950లలో ఫ్రాన్స్‌కే చెందిన ద కార్బన్ దీనికి మందు కనిపెట్టాడు. ఒకే గొట్టం, నూనె వెనక ఎక్కువ ఒత్తిడితో నైట్రోజన్ గ్యాస్. ఒత్తిడిలో నురగ కట్టదు. జర్మనీ కంపెనీ బిల్‌స్టీన్ దీన్ని మెర్సిడెస్ కార్లకి అందించింది. రెండు గొట్టాల మామూలు షాక్‌లో తక్కువ ఒత్తిడితో గ్యాస్ నింపడం మధ్యే మార్గం.

అంటే గ్యాస్ షాక్ పుట్టింది వేడికి, నురగకి. లోడు మోయడానికి పుట్టలేదు. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి: మోసేది స్ప్రింగు, అణిచేది షాక్.

ఇక ఎంచుకుందాం

ముందు జబ్బు తేల్చుకోండి. "టక్ టక్" శబ్దం మాత్రమే ఉంటే, షాక్ కంటే ముందు రబ్బర్ బుష్‌లు, స్టెబిలైజర్ లింకులు చూపించండి. చాలాసార్లు ఖర్చు అక్కడితో అయిపోతుంది. షాక్ బాడీ మీద సన్నటి తడి ఉంటే కంగారు లేదు, నూనె కారుతుంటే అది పోయినట్టే. టైరు మీద చెయ్యి తడిమి చూడండి. చుట్టూ ఎత్తుపల్లాలు తగిలితే టైరు రోడ్డు మీద గెంతుతోందని అర్థం.

బండి వెనక కుంగిపోయి ఉంటే అది కమాను పని, లేదా కొత్త కాయిల్ పని. గట్టి షాక్ వేసినంత మాత్రాన బండి లేవదు. పైగా స్ప్రింగుకి మించిన బిగువు పెడితే, గుంతలో పడిన చక్రం మళ్లీ కిందికి దిగే లోపే ఇంకో గుంత వస్తుంది. ఖాళీ బండి గెంతుతుంది, షాక్ బిగించిన చోట ఛాసిస్ మీద ఒత్తిడి పెరుగుతుంది.

ఊరి చుట్టూ, పొలం దారుల్లో, 40 లోపు వేగంతో తిరిగే సుమో, బొలెరోలకి కంపెనీ కొలతల మామూలు ఆయిల్ షాక్ చాలు. వారానికి రెండు మూడు సార్లు నిండా జనంతో హైవే ఎక్కే బండికి, ముఖ్యంగా వెనక కాయిల్ ఉన్న బండికి, తక్కువ ఒత్తిడి గ్యాస్ ఉన్న రెండు గొట్టాల షాక్ డబ్బుకి న్యాయం చేస్తుంది. ఒకే గొట్టం షాక్ పనితనం గొప్పదే, కానీ రాయి తగిలి గొట్టం సొట్టపడితే లోపల పిస్టన్ నేరుగా ఇరుక్కుంటుంది. రాళ్ల దారుల్లో తిరిగే బండికి ఆ డబ్బు పెట్టే ముందు ఇది ఆలోచించండి.

పార్ట్ నంబరు మీ బండి వేరియంటుదేనా, తయారైన ఏడాదిదేనా చూసుకోండి. ఎత్తు పెంచిన బండికి మామూలు పొడవు షాక్ వేస్తే, చక్రం వేలాడిన ప్రతిసారీ షాకే ఆపుతుంది, అక్కడే విరుగుతుంది. ఎప్పుడు మార్చినా ఒక ఇరుసుకి రెండూ కలిపి మార్చండి. బుష్ బోల్టులని చక్రాలు నేల మీద ఆనిన తర్వాతే చివరి బిగింపు చేయమని చెప్పండి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. ముందు కాయిల్ విప్పే పని మాత్రం సరైన టూల్ ఉన్న షెడ్డులోనే చేయించండి. నొక్కిపెట్టిన కాయిల్ జారితే ప్రాణం మీదికి వస్తుంది.

షాపులోకి వెళ్లాక "మంచివి ఇవ్వండి" అని అడగకండి. "వెనక కమాన్లు, ఎనిమిది మంది, వారానికి రెండు మంత్రాలయం ట్రిప్పులు" అని చెప్పండి. అప్పుడు ఆయన చూపించే పెట్టె మారుతుంది. మీ బండి ఏది, ఏ రోడ్డు మీద తిరుగుతుంది, కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.