పాల ప్యాకెట్టు మీది పేరు



ప్రతి ఉదయం ఇంటికి వచ్చే పాల ప్యాకెట్టు మీద 'పాశ్చరైజ్డ్' అన్న మాట చూస్తూనే ఉంటాము. లూయీ పాశ్చర్ పేరున వచ్చిన మాట అది. కాని ఆయన ఆ ప్రక్రియను రూపొందించినది పాల కొరకు కాదు, ద్రాక్షమద్యం కొరకు. మద్యం ముట్టని ఈ పంతులుకు ఆ కథ మీద మక్కువ ఎందుకో చివర మనవి చేస్తాను.

ద్రాక్షమద్యం చెడిపోవడం అనాదిగా ఉన్న బెడదే. రోమనులు మట్టి జాడీల లోపలి గోడలకు కీలు పూసి, మూతులు బిగించేవారు. గాలి తగిలితే పులిసిపోతుందని అనుభవం వారికి నేర్పింది. ఫ్రెంచి భాషలో వెనిగరు పేరుకు అర్థమే 'పులిసిన వైను'. ఎందుకు పులుస్తుందో మాత్రం తెలియలేదు.

1863లో ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ ఈ 'రోగాల' సంగతి విచారించమని పాశ్చర్‌ను కోరాడు. ద్రాక్షమద్యం ఆ దేశానికి ప్రధానమైన వాణిజ్యం. పాశ్చర్ తాను పెరిగిన ఆర్బ్వా పట్టణంలోనే పరిశోధనకు పూనుకొన్నాడు. చెడిన మద్యాన్ని సూక్ష్మదర్శినితో పరిశీలించగా, మద్యాన్ని తయారుచేసే ఈస్టు కాక వేరే సూక్ష్మజీవులు కనిపించినవి. పులిసినదానిలో ఒక రకం, చేదెక్కినదానిలో మరొక రకం.

మొదట మందులు కలిపి చూశాడు, ఫలించలేదు. పిదప మూసిన సీసాలనే 50-60 డిగ్రీల సెల్సియస్ వరకు కొద్దిసేపు వేడిచేశాడు. ఆ జీవులు నశించినవి, మద్యం నిలిచింది. 1865లో ఈ పద్ధతికి పేటెంటు పొంది, 1866లో గ్రంథం ప్రకటించాడు. తరువాత నౌకాదళం వారు 500 లీటర్లలో సగం వేడిచేసి, సగం అట్లే ఉంచి, ఓడలో 10 నెలలు త్రిప్పారు. వేడిచేసినది చెడలేదు; రెండవది పులుపెక్కసాగింది.

నికొలా అపేర్ అనే మిఠాయి వ్యాపారి ఆహారపదార్థాలను సీసాలలో మూసి వేడిచేసే విధానాన్ని 1810లోనే పుస్తకంగా వెలువరించాడు. ఆయనకు పద్ధతి తెలిసింది, కారణం తెలియలేదు. కారణం తెలిసిన పాశ్చర్ ఎంత వేడి చాలునో చెప్పగలిగాడు. ఆ ఎరుకయే తరువాత పాలకూ మార్గం చూపింది. మేలిరకం మద్యాలను నేడు సాధారణంగా వేడిచేయరు; చల్లని చీకటి గదిలో, బిరడా ఎండిపోకుండా సీసాలను పడుకోబెడతారు. బిరడా ఎండితే సందు ఏర్పడుతుంది, గాలి చొరబడుతుంది. ఆ గాలితోనే పులుపు పుట్టించే జీవులు వర్ధిల్లుతవి.

ఇక నా సంగతి. ఏండ్ల తరబడి పిల్లలచేత సంధిసూత్రాలు వల్లె వేయించాను. "ఎందుకండీ?" అని అడిగినవారిని "ముందు నేర్చుకో" అని కూర్చోబెట్టాను. పద్ధతి చెప్పి కారణం దాచిన అపేర్ వంటివాడినే నేను అనబోయి ఆగాను. ఆయన దాచలేదు, ఆయనకు తెలియదు. నాకు కొంత తెలిసియు చెప్పలేదు.