పాత కంప్యూటరుల పునరుద్ధరణము



పాతవస్తువును చూచినప్పుడు మనకు రెండు తలంపులు కలుగుచుండును. ఇది యింక నెందులకు, పారవేయుదమనుట యొకటి. ఇది మన పెద్దల చేతిలో మెలగినది, ఉంచుదమనుట రెండవది. తాటాకు గ్రంథముల విషయమున ఈ రెండవ తలంపు మన పూర్వులకు లేకపోయినచో, నేడు మనకు మిగిలెడి వాఙ్మయము మిక్కిలి స్వల్పము. ఆకు పొడియై రాలక మునుపే వారు దానిని చూచి మరియొక యాకుపై వ్రాసికొనిరి. అట్టి పనియే నేడు పాత కంప్యూటరుల విషయమున జరుగుచున్నది. దానిని వేడుకగా చేయువారు లోకమున పెక్కుమంది కలరు. వారిలో నేనొకడను. ఉద్యోగవిరమణము చేసిన గణితోపాధ్యాయుడను.

కంప్యూటరు పాతదగుటయేమి, నిన్న మొన్న వచ్చినదే గదా యని మీరు నవ్వవచ్చును. కాని లెక్క చూడుడు. బల్లమీద నుంచుకొని ఒక్క మనుష్యుడు వాడుకొనదగిన కంప్యూటరు సామాన్యులకు అందివచ్చి ఏబదియేండ్లయినది. 1975 జనవరిలో అమెరికాలో 'ఆల్టేరు 8800' అను యంత్రము ఒక పత్రికయొక్క ముఖచిత్రముగా వెలువడెను. దానికి అక్షరముల పలక లేదు, తెర లేదు. ముందువైపున మీటలును చిన్న దీపములును మాత్రముండెను. కొన్నవారిలో పెక్కుమంది విడిభాగములను తామే కూర్చుకొనిరి. రెండేండ్లలోనే, అనగా 1977లో, ఆపిల్ 2, కమొడోర్ పెట్, టి.ఆర్.ఎస్. 80 అను మూడు యంత్రములు అంగడికి వచ్చెను. 1981 ఆగస్టు 12వ తేదీన ఐ.బి.యం. సంస్థ తన 'పర్సనల్ కంప్యూటరు'ను ప్రకటించెను.

నేను చెప్పదలచిన కథ ఇంగ్లండులోనిది. అచ్చటి బ్రాడ్‌కాస్టింగు కార్పొరేషను, అనగా మీరెరిగిన బి.బి.సి., ప్రజలకు కంప్యూటరు నేర్పవలెనని సంకల్పించి, తన పాఠములకు తగిన యంత్రమును వెదకెను. కేంబ్రిడ్జి పట్టణమునందలి 'ఏకార్న్' అను చిన్న సంస్థ ఆ యంత్రమును నిర్మించెను. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు దాని రూపకల్పనలో ముఖ్యులు. 1981 డిసెంబరులో అది 'బి.బి.సి. మైక్రో' యను పేర వెలువడెను. 15 లక్షల ప్రతులకు మించి తయారయ్యెను. దానిలోని మేలైన రకమునకు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేడు మీ మనుమల చేతిలో 8 గిగాబైట్ల ఫోను ఉన్నచో, దాని జ్ఞాపకశక్తి ఆ యంత్రమునకు 2,62,144 రెట్లు! అయినను ఆ ఫోనునకు ఆ యంత్రము పరాయిది కాదు. ఆ ఏకార్న్ సంస్థవారే 1985 ఏప్రిలులో 'ఆర్మ్' అను క్రొత్త చిప్పును మొదట నడిపించిరి. నేటి ఫోనులన్నియు దాదాపుగా ఆ చిప్పు సంతతివే.

ఈ బి.బి.సి. మైక్రో మనదేశమునకును వచ్చినది. 1984లో భారత ప్రభుత్వము పాఠశాలలలో కంప్యూటరు పరిచయము కలిగించుటకై 'క్లాస్' అను పథకమును ఆరంభించెను. మొదట ఇంచుమించు 250 పాఠశాలలలో మొదలై, పిదప అది వేలకు వ్యాపించెను. మొహాలీలోని ప్రభుత్వసంస్థ యగు సెమికండక్టర్ కాంప్లెక్సు ఈ యంత్రమునే 'యూనికార్న్' అను పేర మనదేశమున సిద్ధముచేసెను.

నేను పనిచేయుచుండిన పాఠశాలకును అట్టివి రెండు వచ్చెను. నాకు కొలదిదినములు శిక్షణమిచ్చి గది తాళముచెవి చేతికిచ్చిరి. అంత విలువగల వస్తువు పాడైనచో నేను జవాబు చెప్పుకొనవలెనను భయము నన్ను పట్టుకొనెను. పిల్లలను గుమ్మము దాటనీయక, దూరమునుండి చూపించి పంపివేయుచుంటిని. ఎనిమిదవ తరగతి బాలుడొకడు కిటికీ చువ్వలు పట్టుకొని, "మాస్టారూ! ఒక్కసారి నా పేరు కొట్టుకొననిండి" అని ఎన్నిమారులో అడిగెను. "పాడగును, పొమ్ము" అంటిని. నాతోడి విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు మాత్రము తనవంతు తాళము దొరికిన దినమున పదిమంది పిల్లలను లోపల కూర్చుండబెట్టుకొనెడివాడు. అతనిని చూచి నేను విసుగుకొనెడివాడను. ఏండ్లు గడచెను. అతడు గతించెను. యంత్రములు వాడుకలేక బీరువాలో దుమ్ముపట్టెను. నా భయమువలన అవి చెడకుండ నిలువలేదు సరిగదా, ఎవరికిని పనికిరాక చెడెను.

ఉద్యోగము విరమించిన చాలకాలమునకు ఆ బీరువాలోని పాతసామాను వేలమునకు వచ్చినది. బల్లలు, విరిగిన తరాజులు, పటములతోకూడ ఆ యంత్రములలో నొకటి యుండెను. తుక్కు వెలకు దానిని కొని యింటికి తెచ్చితిని. దానితోపాటు ఒక అట్టపెట్టెలో కాసెట్టు ఒకటి దొరికెను.

ఇంటికి తెచ్చినదినముననే తొందరపడి తీగ తగిలించి మీట నొక్కితిని. కొంతసేపటికి లోపలినుండి టప్పుమని ధ్వనియు, తెల్లని పొగయు, భరింపరాని కంపును వెలువడెను. తప్పు యంత్రముది కాదు, నాది. ఆ కాలపు యంత్రములలో విద్యుత్తును సరఫరాచేయు పెట్టెయందు కాగితపు పొరలతో చేసిన కెపాసిటరులుండును. వాని పైపూత ఏండ్లు గడచిన పిమ్మట బీటలువారును. ఆ బీటలగుండ తేమ లోపలికి చేరును. అట్టిదానికి ఒక్కమారుగా విద్యుత్తు తగిలినచో మాడిపోవును. కావున పాతయంత్రమును చూచినవాడు చేయవలసిన మొదటి పని మీట నొక్కకుండుట. పెట్టె విప్పి, దుమ్ము దులిపి, కంటితో చూచి, అనుమానము గల భాగములను మార్చిన తరువాతనే తీగ తగిలింపవలెను. ఇంకొక హెచ్చరిక. ఆ సరఫరా పెట్టెను విద్యుత్పని తెలియనివారు విప్పరాదు. తీగ ఊడదీసిన పిదపకూడ అందు విద్యుత్తు కొంతసేపు నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపవచ్చును.

మాడిన భాగములను తీసి క్రొత్తవి టంకము పెట్టితిని. మరల మీట నొక్కగా యంత్రము ఎడతెగక ఒకే బొంగురుస్వరమున మ్రోయసాగెను. మన నాటువైద్యులు రోగి కంఠధ్వనిని బట్టి రోగమును పోల్చెడివారు. ఈ యంత్రము విషయమునను అంతియే. ఆరోగ్యముగానున్న బి.బి.సి. మైక్రో ఆరంభమున మొదట మందముగాను, వెంటనే హెచ్చుగాను రెండు స్వరములు పలికి ఊరకుండును. మొదటి స్వరము ధ్వనిచిప్పునకు విద్యుత్తు తగిలినంతనే దానంతట అదే పుట్టును. దానిని ఆపుట యంత్రము మేల్కొనిన పిదప చేయు పనులలో నొకటి. స్వరము ఆగలేదనగా, విద్యుత్తు వచ్చుచున్నదిగాని, యంత్రపు బుద్ధి ఇంకను మేల్కొనలేదన్నమాట.

ఇచటనుండి వరుసగా పోవలెను. మొదట ఆహారము సరిగా అందుచున్నదా? మీటరుతో కొలువగా, 5 వోల్టులుండవలసినచోట 4.5 మాత్రమే యున్నది. సరఫరాతీగల కొనలు త్రుప్పుపట్టియుండెను. వానిని గీకి బిగించినపిదప 5 వచ్చెను. అయినను స్వరము ఆగలేదు. తరువాత, యంత్రమునకు పుట్టుకతోవచ్చిన ఆజ్ఞలు వ్రాసియున్న చిప్పులను చూచితిని. అవి గుంటలలో గ్రుచ్చబడియుండును. వాని కాళ్లు నల్లబడియున్నవి. ఒక్కొక్కదానిని మెల్లగా పెకలించి, శుభ్రముచేసి, తిరిగి అదిమితిని. ఈసారి మీట నొక్కగా రెండుస్వరములు వినబడెను! తెరపై 'బి.బి.సి. కంప్యూటర్ 32కె' అను అక్షరములును, వానిక్రింద 'బేసిక్' అను మాటయు తోచెను. రాత్రి పదిగంటలవేళ పిలిచి చూపుటకు ఎవరును లేక, నేనొక్కడనే చాలసేపు దానిని చూచుచు కూర్చుంటిని.

ఇక కాసెట్టు. ఆ దినములలో పాటలు వినెడి టేపురికార్డరులోనే కంప్యూటరు లెక్కలనుకూడ దాచెడివారు. లెక్కలోని ప్రతి అంకెయు ధ్వనిగా మారి టేపుపై నిలుచును. వినిన కీచుమను రొదగా నుండును. ఆ రొదను రేడియోద్వారా ప్రసారముచేసి, శ్రోతలు ఇంటిలో టేపుపై ఎక్కించుకొని తమ కంప్యూటరులకు వినిపించుకొను పద్ధతికూడ 1980వ దశకమున నెదర్లాండ్సులోను ఇంగ్లండులోను నడచినది. రేడియోలో మాటాడుచు ఆ ముచ్చట చెప్పుట నాకు సంతోషము.

టేపు త్రిప్పెడి యంత్రపు తలను శుభ్రముచేసి ఆ కాసెట్టును వినిపించితిని. ఆరుమారులు తప్పెను. ఏడవమారు చదివినది. అది నా మిత్రుడు, ఆ విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు, పిల్లలచేత వ్రాయించిన చిన్నలెక్క. పొలము ఎన్ని చదరపు గజములో చెప్పినచో ఎన్ని సెంట్లో చెప్పును. 4,840 అని కొట్టితిని. 100 అని వచ్చినది. ఎకరము సరిపోయెను. నేను గదికి తాళము వేసికొని కాపాడితిననుకొన్న దినములలో అతడు ఈ పని చేయించియుండెను.

ఇది నా యొక్కని ఇంటిముచ్చట. దీనివెనుకనున్న పెద్దవిషయము వినుడు. 1086లో ఇంగ్లండు రాజగు విలియము తన రాజ్యమునందు చాలభాగమును గ్రామగ్రామముగా లెక్కవ్రాయించెను. ఏ యూర ఎన్ని నాగళ్లు, ఎన్ని నీటిమరలు, ఎంత పచ్చిక, భూమి ఎవరి స్వాధీనము - ఒకప్పటి మన కరణముల చిట్టాలవంటి లెక్కయే. చర్మపుటలపై లాటినుభాషలో వ్రాసిన ఆ గ్రంథమునకు 'డూమ్స్‌డే' యని పేరు. అది నేటికిని నిలిచియున్నది; భాష తెలిసినవారు నేటికిని చదువుచున్నారు.

దానికి 900 ఏండ్లు నిండు 1986వ సంవత్సరమునకై బి.బి.సి. వారు క్రొత్త డూమ్స్‌డే తలపెట్టిరి. పదిలక్షలకు పైబడిన జనులు, అందు పెక్కుమంది బడిపిల్లలు, తమ తమ ఊళ్లనుగూర్చి వ్రాసిరి. ఆ వ్రాతలను, వేలకొలది ఛాయాచిత్రములను కాంతికిరణముచే చదువబడు పెద్దపళ్లెములపై ఎక్కించిరి. వానిని చదువుటకు బి.బి.సి. మైక్రో వంశములోని 'మాస్టరు' అను కంప్యూటరును, ప్రత్యేకమైన మరియొక యంత్రమును కావలెను. వెల హెచ్చగుటచే వ్రాసియిచ్చిన బడులే చాలవరకు వానిని కొనజాలకపోయెను. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ యంత్రములు అరుదయ్యెను. తొమ్మిదివందల యేండ్లనాటి చర్మము చదువవచ్చెను గాని, పదునైదేండ్లనాటి పళ్లెము చదువుట దుర్లభమయ్యెను!

అప్పుడు లీడ్స్, మిచిగాన్ విశ్వవిద్యాలయములవారు పూనుకొని, 2002 నాటికి క్రొత్తకంప్యూటరే పాతదానివలె నటించు ఉపాయముచే ఆ పళ్లెములలోని విషయమును వెలికితెచ్చిరి. 2011లో బి.బి.సి. వారు జనుల వ్రాతలను ఇంటర్నెట్టులో నుంచిరి. ఆ నటన సరియైనదో కాదో తెలియుటకు పక్కన నడచుచున్న అసలుయంత్రము ఒక్కటియైన నుండవలెను. అందులకే కేంబ్రిడ్జిలోను, బ్లెచ్లీ పార్కులోను నున్న కంప్యూటరు ప్రదర్శనశాలలవారు పాతయంత్రములను ఊరక అద్దములపెట్టెలలో నుంచక, మరమ్మతుచేసి నడిపించుచున్నారు. మావంటివారి వేడుకకును అదియే అర్థము.

ఇంతయు మీకేల చెప్పితిననగా, నేడు మీ ఊరి పొలములలెక్కలు, మీ యిండ్ల పెండ్లిఫొటోలు, గతించినవారి కంఠస్వరములు - అన్నియు ఇట్టి యంత్రములలోనే యున్నవి. కాబట్టి నాలుగు మాటలు మనవిచేయుదును. ఇంట పాతకంప్యూటరున్నచో తొందరపడి తుక్కువానికి వేయకుడు. తొందరపడి మీటయు నొక్కకుడు. లోపల బ్యాటరీ యున్నచో తెలిసినవానిచే తీయింపుడు. 1980వ దశకపు చివరినుండి వచ్చిన యంత్రములు కొన్నింటిలో అది కారి, లోపలి పలకపైనున్న రాగిగీతలను తినివేయును. అందున్న విషయమును యంత్రము నడచుచుండగనే మరియొకచోటికి ఎత్తి వ్రాయింపుడు. ముఖ్యమైనదానిని కాగితముపైకూడ అచ్చువేయించి దాచుడు. మన పూర్వులు తాటాకునకు చేసినది ఇదియే.

నా యంత్రము ఇప్పుడు వీథివైపు గదిలో నున్నది. ఆ గదికి తాళము లేదు. సాయంకాలము బడివిడిచిన పిల్లలు వచ్చి తమ పేర్లు కొట్టుకొని పోవుచుందురు. ఒక మీట నిరుడు విరిగినది, మరల అతికించితిని. కిటికీ చువ్వలు పట్టుకొని అడిగిన ఆ బాలుడు ఇప్పుడెచ్చటనున్నాడో నేనెరుగను. ఏబదియేండ్లు దాటినవాడై యుండును. ఈ మాటలు వినుచున్నచో అతడు ఒక్కసారి వచ్చి తన పేరు కొట్టుకొని పోవలెనని నా కోరిక.

సెలవు.