చెమ్మ చెప్పిన మాట

మాటు వేయించిన బిందెను పరీక్షింపక ఎవరూ ఇంటికి తెచ్చుకొనరు. నిండా నీరు పోసి, పొడినేలమీద కొంతసేపు నిలిపి, పైకెత్తి, అడుగున తడిమరక పడినదా అని చూస్తారు. ఈ పరీక్షకు శాస్త్రజ్ఞానం అక్కరలేదు. రేపు ఆ పాత్రలో పోయబోయేది నూనె అయినా, పానకమైనా, ముందుగా నీటితో చూచుకొనుట వాడుక. ఇంత చిన్న వాడుకను విడిచిపెట్టినందువలన ఒక మహానగరంలో 21 మంది ప్రాణాలు కోల్పోయినారు. ద్రవాలను నిలవచేసే పెద్ద ట్యాంకులు కారుటను మనుష్యులు ఎట్లు కనిపెట్టినారు, కనిపెట్టియు ఎట్లు మోసపోయినారు అనే చరిత్రను ఆ సంఘటనతోనే ప్రారంభించుట సముచితం.

ఆ నగరం అమెరికాలోని బోస్టన్. అది 1915వ సంవత్సరాంతం. మొదటి ప్రపంచయుద్ధం ముమ్మరంగా సాగుతున్నది. తుపాకిమందు మొదలైన యుద్ధసామగ్రికి ఆల్కహాలు విస్తారంగా కావలసివచ్చింది. చెరకు మడ్డిని, అనగా మొలాసిస్‌ను పులియబెట్టి ఈ ఆల్కహాలును తీస్తారు. ఓడలలో వచ్చే మడ్డిని దింపుకొనుటకై ప్యూరిటీ డిస్టిల్లింగ్ కంపెనీవారు రేవుప్రక్కన, పేద కుటుంబాలు క్రిక్కిరిసి నివసించే నార్త్ ఎండ్ పేటలో, ఒక ఉక్కు ట్యాంకును కట్టించినారు. దాని ఎత్తు 50 అడుగులు, అడ్డుకొలత 90 అడుగులు. అందులో సుమారు 23 లక్షల గ్యాలన్ల మడ్డి పడుతుంది.

ఈ పనిని పర్యవేక్షించినవాడు ఆర్థర్ జెల్ అనే కోశాధికారి. జమాఖర్చులు తెలిసినవాడే గాని, కట్టడపు నమూనాపటాలను చదువగల శిక్షణ ఆయనకు లేదు. తెలిసిన ఇంజనీరును సంప్రదించనూ లేదు. మొదటి ఓడ వచ్చే గడువు దగ్గరపడినది. ట్యాంకును నిండా నీటితో నింపవలెనంటే కాలమూ ధనమూ వ్యయమగును గదా అని, అడుగున 6 అంగుళాల నీరు మాత్రం పోయించి, అది కారకపోవుట చూచి తృప్తి చెందినాడు. 50 అడుగుల పాత్రకు 6 అంగుళాల పరీక్ష! పైగా మడ్డి నీటికంటె ఎంతో బరువైనది. సమానమైన కొలతలో అది నీటికి దాదాపు ఒకటిన్నర రెట్లు తూగుతుంది.

ట్యాంకు మాత్రం తన స్థితిని దాచుకొనలేదు. మడ్డి పోసిన నాటినుండి రేకుల అతుకుల వెంట సన్నని ధారలు దిగజారసాగినవి. ఆ పేటలోని పిల్లలు చిన్న బకెట్లు తెచ్చి, ఆ తియ్యని చుక్కలను పట్టుకొని పోయేవారు. అక్కడ పనిచేసేవారు కూడా కంపెనీ అధికారులకు మొరపెట్టుకొన్నారు. అధికారులు అతుకులలో పూడ్పు పని చేయించినారు. తరువాత ట్యాంకుకు మడ్డి ఛాయలోనే కలిసిపోయే గోధుమరంగు పూయించినారు. దానితో కారుట ఆగలేదు. కారుతున్నట్లు కంటికి ఆనకపోవుట మాత్రం జరిగినది.

ఆ ధారలకు అర్థమేమో ఇక్కడ కొంచెం విచారింపవలెను. పాత్రలోని ద్రవం తన బరువుతో గోడలను వెలుపలికి నెట్టుతూ ఉంటుంది. లోతు పెరిగినకొద్దీ ఆ నెట్టుడు హెచ్చుతుంది. కావున గుండ్రని ట్యాంకులో అడుగు వరుసలోని రేకులను చుట్టుకొలత వెంట సాగదీసే బలం అన్నిటికంటె ఎక్కువ. రివెట్లు వేసిన అతుకులు అట్టి లాగుడుకు ముందుగా నోరు విప్పుతాయి. పోయిన కొద్దిపాటి మడ్డి విలువ లెక్కలోనికి రాదు. అతుకు తెరచుకొన్నదంటే గోడకు మోయలేని భారం పడుచున్నదని గ్రహింపవలెను. ఆ రేకులు వాటిపై పడిన భారానికి తగిన మందం లేనివని తరువాతి పరిశోధకులు లెక్కకట్టి చూపినారు.

1919 జనవరి 15వ తేదీ మధ్యాహ్నం పన్నెండున్నర దాటిన తరువాత ఆ ట్యాంకు బ్రద్దలైనది. రెండు రోజులకు ముందే ఒక ఓడ సరుకును దానిలోనికి దింపినారు. ఇంటి ఎత్తున లేచిన మడ్డి కెరటం వీధులమీద పడినది. ఎత్తైన స్తంభాలపై నడిచే రైలుమార్గపు ఉక్కు దూలాలు వంగిపోయినవి. అగ్నిమాపక కేంద్రపు భవనం పునాదులనుండి తొలగిపోయినది. 21 మంది మరణించినారు. సుమారు 150 మంది గాయపడినారు. అరాచకవాదులు బాంబు పెట్టినారని కంపెనీ వాదించినది. సంవత్సరాల తరబడి సాక్ష్యాలు విన్న హ్యూ ఆగ్డెన్ 1925లో ఆ వాదాన్ని త్రోసిపుచ్చి, ట్యాంకు నిర్మాణంలోని బలహీనతయే కారణమని తేల్చినాడు. బాధితులకు 6 లక్షల డాలర్లకు పైగా పరిహారం ముట్టినది. పెద్ద కట్టడముల నమూనాలను అర్హతగల ఇంజనీరు పరీక్షించి సంతకం చేయవలెననే నియమాలు అమెరికాలో బలపడుటకు ఈ దుర్ఘటన కూడ ఒక హేతువైనది.

బోస్టన్‌లో లీకు వీధిన పోయేవారందరికీ కనబడినది. మరి ట్యాంకు భూమిలో పూడ్చబడి ఉంటే? అప్పుడు చెమ్మను చూచే కన్నుండదు. లోపలి మట్టాన్ని కొలిచి, పోసినదానికీ ఉన్నదానికీ తేడా కట్టుటయే మార్గం. ఈ పద్ధతికి గొప్ప పరీక్ష అమెరికా పడమటి భాగంలో, కొలంబియా నదీతీరాన గల హాన్‌ఫర్డ్‌లో జరిగినది. నాగసాకిపై పడిన బాంబుకు ప్లుటోనియం తయారైనది అక్కడనే. ఆ తయారీలో మిగిలిన రేడియోధార్మిక ద్రవవ్యర్థాలను భూగర్భంలోని ట్యాంకులలో నిలవచేసినారు. అట్టి ట్యాంకులు క్రమంగా 177 అయినవి. వాటిలో 149 ఒకే ఉక్కుపొర కలవి.

వీటిలో ద్రవం ఎంత ఉన్నదో తెలుసుకొనుటకు పైనుండి కొలతటేపును దించి మట్టాన్ని చూచి వ్రాసుకొనేవారు. చుట్టుప్రక్కల నేలలో దించిన గొట్టాలలోనికి రేడియోధార్మికతను కొలిచే సాధనాలను పంపి, మన్నులో ఏమైనా ఇంకినదా అని పరీక్షించేవారు. ఒకటి పాత్రలో తగ్గినదానిని చెప్పుతుంది. రెండవది నేలలో చేరినదానిని చెప్పుతుంది. రెండు సాక్ష్యాలు ఏకీభవిస్తే ఇక సందేహానికి తావులేదు.

అయినప్పటికీ 1973 ఏప్రిల్ నెలలో టి-106 అనే ట్యాంకు కారుట మొదలుపెట్టినది. జూన్ 8వ తేదీన గాని ఆ సంగతి బయటపడలేదు. దాదాపు ఏడు వారాలలో 1,15,000 గ్యాలన్ల వ్యర్థద్రవం నేలలో ఇంకినది. కొలతలు తీయలేదా? తీసినారు. కాగితంపై వ్రాసినారా? వ్రాసినారు. మట్టం దిగిపోవుచున్నదని ఆ అంకెలే చెప్పుచున్నవి. వాటిని చదివి అర్థం గ్రహింపవలసిన పర్యవేక్షకుని బల్లమీదికి ఆ కాగితాలు చేరినవి. కాని సకాలంలో వాటిని ఎవరూ పరిశీలింపలేదు. బోస్టన్‌లో చెమ్మపై రంగు పూసినారు. హాన్‌ఫర్డ్‌లో ఆ పనిని కాగితాల దొంతరయే చేసినది.

ఇచట కొలుచువారి కష్టాన్ని కూడ చెప్పుట న్యాయం. మట్టం తగ్గినంత మాత్రాన ట్యాంకు కారుచున్నదని నిశ్చయింప వీలులేదు. పెట్రోలునే తీసుకొందాము. అది వేడికి వ్యాకోచించి, చల్లదనానికి సంకోచిస్తుంది. 10,000 లీటర్ల పెట్రోలు 5 సెంటిగ్రేడు డిగ్రీలు చల్లబడితే, ఒక్క చుక్క అయినా పోకుండానే సుమారు 45, 50 లీటర్లు తరిగినట్లు కొలకర్ర చూపుతుంది. వేడెక్కితే నిజమైన లీకు కూడ ఆ పెరుగుదలలో మరుగుపడుతుంది. కాబట్టి మట్టంతోపాటు ఉష్ణోగ్రతను కూడ కొలిచి లెక్కను సవరించుకొనవలెను.

పెట్రోలు బంకుల క్రింది ట్యాంకులు తుప్పుపట్టి, త్రాగునీటి బావులను చెరచుచున్నవని గుర్తించి 1984లో అమెరికా శాసనసభ చట్టం చేసినది. 1988లో వెలువడిన నిబంధనలు లీకు కనిపెట్టు పద్ధతులకు కొలబద్దను నిర్ణయించినవి. నెలనెలా ట్యాంకులోని ద్రవాన్ని స్వయంగా కొలిచే సాధనం గంటకు 0.2 గ్యాలను, అనగా సుమారు ముప్పాతిక లీటరు పోయినా పట్టుకొనగలిగి ఉండవలెను. నూరు లీకులలో 95 దొరకవలెను. అబద్ధపు హెచ్చరికలు నూటికి 5కు మించరాదు. ఈ రెండవ షరతు మిక్కిలి లోకజ్ఞత గలది. ఊరక మ్రోగే గంటను రెండు మూడుసార్లు విన్నవారు నాలుగవసారి తలయెత్తి చూడరు.

ఇంత శాస్త్రం పెరిగిన తరువాత, కొలిచే సాధనం ఉండి కూడ చాలని సందర్భం మన తెలుగునేలమీదనే సంభవించినది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, విశాఖపట్టణం శివార్లలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద ఎల్‌జి పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి నిద్రిస్తున్న ఇండ్లపై వ్యాపించినది. పన్నెండుమంది మరణించినారు, వందలాదిమంది ఆస్పత్రుల పాలైనారు. స్టైరీన్ నిలువ ఉన్నకొద్దీ దానిలోని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి ఆ చర్యను మరింత త్వరపరుస్తుంది. దానిని అదుపులో ఉంచుటకు చల్లదనమూ, నిరోధక రసాయనమూ అవసరం. లాక్‌డౌన్ వలన కర్మాగారం కొన్ని వారాలుగా మూతబడి ఉన్నది. ఉష్ణమాపకం ట్యాంకు అడుగుభాగంలో మాత్రమే ఉన్నదనీ, పైభాగపు వేడి దానికి అందలేదనీ రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం ఆ ఏడు జూలైలో నివేదించినది. అడుగున చల్లగా, పైన మరిగిపోతూ ఉన్న పాత్రను గూర్చి ఆ సాధనం నిజమే చెప్పినది. కాని సగం నిజమే చెప్పినది. ఊరివారిని లేపవలసిన సైరన్‌ను మ్రోగించలేదని కూడ ఆ నివేదిక ఎత్తిచూపినది.

ఈ మూడు ఉదంతాలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఒక క్రమం గోచరిస్తుంది. లీకు చాలవరకు ముందుగా ఏదో ఒక గుర్తు చూపనే చూపుతుంది. ఆ గుర్తు కనబడే చోట కన్నో సాధనమో ఉండవలెను. అది చెప్పినదానిని ఆనాడే చదివేవారు ఉండవలెను. చదివినవారికి పనిని ఆపించే అధికారం కూడ ఉండవలెను. వీటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కినవి వ్యర్థం. బోస్టన్ పనివారికి చెమ్మ కనబడినది గాని, ట్యాంకును ఖాళీచేయించే అధికారం వారికి లేదు.

శ్రోతల ఇండ్లపైన కూడ నీళ్ళ ట్యాంకులు ఉన్నవి. రాత్రి పడుకొనే ముందు మోటారు నిలిపి, కుళాయిలన్నీ కట్టి, నీటిమట్టం వద్ద ఒక గుర్తు పెట్టి, ఉదయం ఎవరూ నీరు వాడకముందే చూచినచో, అది కారుచున్నదో లేదో మీకే తెలుస్తుంది. హాన్‌ఫర్డ్‌లో వాడినది ఈ పద్ధతియే. గుర్తు తగ్గి ఉంటే మాత్రం, దానిపై రంగు పూయవద్దు. ఆనాడే పనివానిని పిలిపించండి.