ఆన్‌లైన్ బోధన: టీచర్లకు ఏయే డిజిటల్ నైపుణ్యాలు కావాలి?

2020 మార్చి మధ్యలో దేశమంతటా బడులు మూతపడ్డాయి. ఆ వెంటనే లాక్‌డౌన్ వచ్చింది. నల్లబల్ల, సుద్దముక్కలతో పాఠం చెప్పిన టీచర్లు ఫోన్ ముందు కూర్చోవాల్సి వచ్చింది. కోవిడ్‌తోనే అది ముగిసిపోలేదు. 2024 నవంబరులో ఢిల్లీలో గాలి కాలుష్యం ప్రమాదకర స్థాయికి చేరినప్పుడు అక్కడి తరగతులు మళ్లీ ఆన్‌లైన్‌కు మారాయి. వరదలు, వడగాడ్పులు, కర్ఫ్యూల వల్ల కూడా బడులు మూతపడుతూనే ఉంటాయి.

డిజిటల్ నైపుణ్యం అనగానే జూమ్ తెరవడం, స్క్రీన్ షేర్ చేయడం గుర్తొస్తాయి. అవి వారం రోజుల్లో వచ్చేస్తాయి. ఉపాధ్యాయుల కోసం యునెస్కో రూపొందించిన ఐసీటీ సామర్థ్యాల చట్రం (2018 నాటి మూడో కూర్పు) 18 సామర్థ్యాలను పేర్కొంది. పరికరాలు వాడటం అందులో ఒక భాగమే. పాఠ్యప్రణాళిక, బోధన పద్ధతి, మూల్యాంకనం, తరగతి నిర్వహణ వంటివీ ఉన్నాయి. అసలు కష్టం కూడా అక్కడే.

అవతల ఎవరున్నారు?

2020 సెప్టెంబరులో గ్రామీణ ప్రాంతాల్లో ఫోన్ ద్వారా చేసిన అసర్ సర్వే ప్రకారం, బడిలో పేరున్న పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. 2018లో అది 36.5 శాతమే. కానీ సర్వేకు ముందు వారంలో బడి నుంచి ఏదైనా పాఠ్యసామగ్రి అందింది మాత్రం దాదాపు మూడింట ఒక వంతు పిల్లలకే. ఇంట్లో ఫోన్ ఉన్నంత మాత్రాన పాఠం పిల్లల దాకా చేరుతుందనుకోలేం. ఆ ఫోన్ పొద్దున్నే తండ్రితోపాటు పనికి వెళ్లిపోవచ్చు, లేదా ఒకే ఫోన్ కోసం ముగ్గురు పిల్లలు ఎదురుచూడొచ్చు.

అందుకే టీచర్ చేయాల్సిన మొదటి పని ఒక పట్టిక తయారుచేసుకోవడం. ఏ పిల్లకు ఎవరి ఫోన్ అందుతుంది, ఏ వేళలో ఇంట్లో ఉంటుంది, స్మార్ట్‌ఫోనా మామూలు ఫోనా, రీచార్జ్ ఉందా లేదా అన్నవి అందులో ఉండాలి. గూగుల్ షీట్‌లో చేస్తే మిగతా టీచర్లకూ పనికొస్తుంది. నోటు పుస్తకంలో రాసుకున్నా నష్టం లేదు. ఈ పట్టిక చూశాకే లైవ్ క్లాసు పెట్టాలా, రికార్డు చేసి పంపాలా, ఫోన్ చేసి చెప్పాలా అన్నది తేలుతుంది.

తక్కువ డేటాలో పాఠం

గంటసేపు వీడియో క్లాసుకు, నాణ్యతను బట్టి, వందల ఎంబీల డేటా ఖర్చవుతుంది. ఐదు నిమిషాల వాట్సాప్ వాయిస్ మెసేజ్ సాధారణంగా ఒకటి రెండు ఎంబీలకు మించదు. 40 నిమిషాల పాఠాన్ని యథాతథంగా కెమెరా ముందు చెప్పేకన్నా ఒక వాయిస్ మెసేజ్, బోర్డు ఫొటో ఒకటి, చివర ఒక ప్రశ్న పంపితే చాలాచోట్ల ఎక్కువ మందికి చేరుతుంది. వాయిస్ మెసేజ్‌ను పిల్లలు ఎన్నిసార్లయినా వినొచ్చు. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ ఇల్లు చేరాకయినా వినొచ్చు.

ఫొటో పగటి వెలుతురులో, వంకర లేకుండా, పెద్ద అక్షరాలతో ఉండాలి. ఫైలుకు ‘6వ తరగతి – గణితం – భిన్నాలు 1’ అని పేరు పెడితే పది రోజుల తర్వాత కూడా దొరుకుతుంది.

తెలుగు టీచర్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. అను ఫాంట్లలో టైప్ చేసిన వర్క్‌షీట్‌ను వర్డ్ ఫైలుగా పంపితే, ఆ ఫాంట్ లేని ఫోన్‌లో అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో టైప్ చేయాలి, లేదా పీడీఎఫ్‌గా మార్చి పంపాలి. టైపింగ్ రానివాళ్లకు ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది. తప్పులు దొర్లుతాయి కాబట్టి పంపేముందు ఒకసారి చదువుకోవాలి.

‘అర్థమైందా?’ అంటే చాలదు

క్లాసులో టీచర్ పిల్లల ముఖాలు చూసి వేగం తగ్గిస్తారు. తెర మీద ఆ వీలు లేదు. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2020లో అయిదు రాష్ట్రాల్లో 1,522 మంది టీచర్లతో చేసిన అధ్యయనంలో 90 శాతానికి పైగా టీచర్లు ఆన్‌లైన్‌లో పిల్లలు ఏం నేర్చుకున్నారో సరిగ్గా అంచనా వేయలేమన్నారు. అది పూర్తిగా తీరే లోటు కాదు గానీ, ప్రశ్నను జాగ్రత్తగా తయారుచేస్తే కొంత తగ్గుతుంది.

ఉదాహరణకు, 1/3, 1/4లలో ఏది పెద్దదని గూగుల్ ఫామ్‌లో అడిగితే మార్కులు అదే వేస్తుంది. 1/4 అన్న పిల్లవాడు ‘మూడుకన్నా నాలుగు పెద్దది కదా’ అనుకుని ఉండొచ్చు. ఆ సంగతి మార్కుల్లో కనపడదు. ‘ఎందుకో చెప్పు’ అని అర నిమిషం వాయిస్ మెసేజ్ అడిగితే బయటపడుతుంది. తప్పు జవాబులను విడిగా చదివి, మర్నాటి పాఠాన్ని వాటితో మొదలుపెట్టడం టీచరే చేయాల్సిన పని.

టీవీ పాఠాలకూ ఇదే వర్తిస్తుంది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు ప్రసారమయ్యాయి. బంగ్లాదేశ్ సంసద్ టీవీలో, పాకిస్తాన్ టెలీస్కూల్ చానెల్‌లో అదే దారి పట్టాయి. టీవీకి డేటా అక్కర్లేదు, కానీ పిల్లలు ఎదురు ప్రశ్న వేయలేరు. పాఠం ముగిశాక సందేహాలు తీర్చే ఫోన్ కాల్ టీచర్ నుంచే రావాలి.

ఉన్నదాన్ని వెతికి వాడటం

ప్రతి పాఠానికీ కొత్త వీడియో చేయనక్కర్లేదు. 2017లో మొదలైన దీక్షా వేదికలో తెలుగు సహా అనేక భాషల్లో పాఠాలున్నాయి. పుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే సంబంధిత పాఠం తెరుచుకుంటుంది. యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా చూడొచ్చు. అయితే దొరికిన లింకునల్లా గ్రూపులో పడేయడం బోధన కాదు. ముందు టీచర్ పూర్తిగా చూసి, పిల్లలకు ఏ భాగం కావాలో చెప్పాలి.

మహారాష్ట్రలోని సోలాపూర్ జిల్లా పరితేవాడి జిల్లా పరిషత్ బడి టీచర్ రంజిత్‌సింహ్ డిసలే 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ గెలిచారు. అందరికీ గుర్తున్నది ఆయన పుస్తకాల్లో పెట్టిన క్యూఆర్ కోడ్‌లే. కానీ పిల్లల ఇంటి భాష కన్నడ అని గమనించి పాఠాలను ఆ భాషలోకి మార్చారు. సాంకేతికత కన్నా ఆ గమనింపే పెద్ద నైపుణ్యం.

భద్రత

2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ జూమ్ వాడకంపై జాగ్రత్తలు జారీ చేసింది. ప్రతి సమావేశానికీ కొత్త పాస్‌వర్డ్, వెయిటింగ్ రూమ్ వంటివి అందులో ఉన్నాయి. ఇవి ఇప్పటికీ పనికొచ్చే అలవాట్లే. వాట్సాప్ గ్రూపులో చేరితే ప్రతి తల్లి నంబరూ మిగతావారికి కనిపిస్తుంది. ఆ మాట ముందే చెప్పి ఒప్పుకుంటేనే చేర్చాలి, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టే సెట్టింగ్ ఆన్ చేయాలి. మార్కుల జాబితాలు, పిల్లల ఫొటోలు గ్రూపులో పెట్టకూడదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది.

సమయానికీ హద్దు ఉంది. 2020 జులైలో కేంద్రం ఇచ్చిన ‘ప్రజ్ఞత’ మార్గదర్శకాల ప్రకారం 1–8 తరగతులకు రోజుకు 30–45 నిమిషాల చొప్పున రెండు ఆన్‌లైన్ సెషన్లకు మించకూడదు.

శిక్షణ

నిష్ఠా శిక్షణ 2020 అక్టోబరు నుంచి దీక్షాలో ఆన్‌లైన్‌గానూ నడిచింది. జాతీయ విద్యావిధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ కోరింది. వీడియో చూసి క్విజ్ రాస్తే సర్టిఫికెట్ వస్తుంది గానీ పాఠం తయారుచేయడం రాదు. ఒక మండలంలోని గణితం టీచర్లు నెలకోసారి కూర్చుని, తాము పంపిన వాయిస్ మెసేజ్‌లు ఒకరివొకరు వింటే అంతకన్నా ఎక్కువ నేర్చుకోగలరు.

ఇక పట్టిక విషయం. వారానికోసారి అందులో మూడు రోజులుగా జవాబు రాని పేర్లు ఏరుకోవాలి. వాళ్లకు మెసేజ్ కాదు, ఫోన్ చేయాలి. కలవకపోతే పక్కింటి నంబరుకు, అదీ లేకపోతే ఆ వీధిలో ఉండే మరో విద్యార్థి చేత వర్క్‌షీట్ కాగితం పంపించాలి.